వేవిళ్ళు

"చేతులు కడుక్కున్నావా?"

ఇంటి వెనక వాలు నేలలో పని మొదలుపెట్టినప్పటి నుంచీ మా ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే. వడ్డిస్తుంటే అంటాడు, దుప్పటి మడత పెడుతుంటే అంటాడు. పక్కలో చెయ్యి మీద వేస్తే దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, వాసన చూసి, మళ్ళీ నా మీదే పెట్టేసి అటు తిరిగి పడుకుంటాడు. సబ్బుతో రుద్దుతాను, నిమ్మచెక్కతో రుద్దుతాను. గోళ్ళలో ఇంకా ఉందంటాడు. ఉంటుంది మరి. పేడకడిని చేత్తో విప్పి చూసేదాన్ని, గోళ్ళలో ఉండక ఎక్కడుంటుంది? పేడలో పురుగులు తొలుస్తున్నాయంటే కింద నేల బతికున్నట్టు. పురుగు ముట్టని పేడ ఎండకి పెంకులా బిగుసుకుపోయి, తన కింద గడ్డిని కూడా చంపేస్తుంది. అందుకే విప్పి చూస్తాను. నాకెప్పుడూ పేడంటే అసహ్యం వెయ్యలేదు. గడ్డి తిన్న జీవి వేసిన పేడలో అసహ్యించుకోడానికేముంది?

ఈ నేల మా మామయ్యగారి తాత సంపాదించింది. ఆయన అడవి కొట్టి మందని తెచ్చాడు. ఆయన కొడుకు మందని పెంచాడు. మామయ్యగారు ఇంకా పెంచారు. పెంచడమే తప్ప ఆపడం ఆ ఇంటి మగాళ్ళకి తెలియదు. ముందు గదిలో ముగ్గురి ఫొటోలూ వరసగా ఉంటాయి. అద్దాలు తుడిచేది నేను. వీళ్ళ ఆడవాళ్ళ ఫొటోలేవని ఒకసారి అత్తయ్యని అడిగితే, "మాకు నిలబడేంత తీరికెప్పుడుంది, ఫొటో దిగడానికి?" అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ పాలగిన్నెలు తోముతూనే ఉంది.

నేను కాపురానికొచ్చేసరికి ఇంటి వెనక వాలు బోడిగుండులా ఉండేది. మంద దాని మీద విచ్చలవిడిగా తిరిగి, చిగురు తలెత్తితే చాలు కొరికేసేది. వాన పడితే మట్టి ఎర్రగా కొట్టుకుపోయేది. నీళ్ళు కోసిన గండిలో ఒకసారి దూడ పడి కాలు విరిగింది. దాన్ని చూడ్డానికొచ్చిన పశువుల డాక్టరమ్మ దూడకి కట్టు కట్టి, వాలు వంక చాలాసేపు చూసింది.

"గడ్డి వేరుకి ఊపిరాడనివ్వట్లేదు మీరు. వాలుని గదుల్లా విడగొట్టండి. ఒక గదిలో మేపి పక్కదానికి తోలండి. మేసిన గదిలో గడ్డి మళ్ళీ ఏపుగా వచ్చేదాకా గిట్ట పడనివ్వకండి. ఆ ఆవులే నేలని బాగుచేస్తాయి."

"గడ్డికి సెలవులటరోయ్!" అని మా మరిది పగలబడి నవ్వాడు. అతను పశువుల బేరగాడు. కొనడం, కొన్నాళ్ళు మేపడం, అమ్మడం అతని పని. నేను మాత్రం ఆ రోజే మామయ్యగారిని అడిగాను, వాలు నాకు వదిలెయ్యమని. "పోనీరా, ఆడుకోనీ. ఎలాగూ గొడ్డు నేలేగా," అన్నారాయన మా మరిదితో. అంటూ నా వైపు చూశారు. ఒక్క ఆడపిల్లని కని ఆగిపోయినదాన్ని కదా, మా ఇద్దరికీ బాగా జత కుదిరిందనుకున్నట్టున్నారు.

ఇంక చూడండి. తెల్లారకుండానే లేచి గదులకి కంచెగా కట్టిన కరెంటు తీగ పీకి, గుంజలు ఇంకో వరసలో పాతి, మందని తోలి, నీళ్ళ తొట్టి ఈడ్చి, ఇంటికొచ్చి టీ పెట్టి, టిఫిన్లు చేసి, మామయ్యగారికి మందులిచ్చి, మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, పిల్లని బడికి పంపి, మళ్ళీ వెళ్ళి గండిలో రాళ్ళు పేర్చేదాన్ని. బోడి నేల మీద పాత గడ్డి పరిచి ఆవుల్ని దాని మీద తొక్కించేదాన్ని. నెలసరి నొప్పిలోనూ తీగ మార్చాను. జ్వరంలోనూ మార్చాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మార్చి పెట్టమని మా ఆయన్ని అడిగితే, "నీ సరదా పనులన్నీ నా నెత్తిన రుద్దకు," అన్నాడు. ఏళ్ళు గడిచాక ఒక వానాకాలం, వాలు మీంచి దిగే నీళ్ళు ఎర్రగా కాకుండా తేటగా దిగాయి. వాన పడుతుండగానే ఆ నీళ్ళ పక్కన కూర్చుని ఏడ్చేశాను. తడిసి ఇంటికొస్తే, వంట ఇంకా కాలేదేమని అడిగారు.

గడ్డి పెరిగే కొద్దీ మా ఆయన మాట కూడా మారుతూ వచ్చింది. మొదట్లో ఎవరైనా అడిగితే "మా ఆవిడ ఏదో చేస్తోందిలెండి," అనేవాడు. గడ్డి చీలమండలు దాటాక "మేం చేస్తున్నాం" అయింది. మోకాళ్ళు తాకాక "నేను చేశాను" అయింది.

మా మరిది కూడా నవ్వడం మానేశాడు. ఒకరోజు కుటుంబంతో వచ్చి, భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ, "నాన్నా, ఆస్తి పంచేద్దాం. వాలు నాకివ్వండి. నా పశువులకి మేత కరువుగా ఉంది," అన్నాడు. బేరానికి తెచ్చిన పశువుల్నన్నిటినీ దాని మీద వదిలితే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. మామయ్యగారు ఆలోచించను కూడా ఆలోచించలేదు. "వాడికి ఇద్దరు మగపిల్లలు. పెద్దాడికున్నది రేపో మాపో ఇంకో ఇంటికి వెళ్ళిపోయేదే. వాలు చిన్నాడికే," అన్నారు. నేను కంచాలు తీస్తూ మా ఆయన వైపు చూశాను. ఆయన పళ్ళు కుట్టుకుంటున్నాడు.

గదిలోకి వచ్చాక అడిగాను, "ఏమండీ, మీరేం మాట్లాడలేదేం?"

"దానికంత రాద్ధాంతం ఎందుకు? అటు వెనక ఇంకో బీడుంది కదా. మొదలుపెట్టు. నీకు అలవాటే."

నీకు అలవాటే. చాకిరీ చేసే మనిషి ఒళ్ళు అలవాటు పడుతుంది గనక దానికి అలుపుండదని ఆయన లెక్క. గడ్డికైనా కొన్నాళ్ళు విశ్రాంతివ్వాలని చెప్పడానికి ఎవరో ఒకరున్నారు. ఆ పూట ఆయన పక్కన పడుకోవాలంటే నోట్లో ఏదో పాచిపట్టినట్టు అనిపించింది.

పంపకం మాట అలా ఉండగానే చుట్టుపక్కల పొలాల వాళ్ళు మా వాలు చూడ్డానికొస్తామన్నారు. వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది డాక్టరమ్మే. మా ఆయన కొత్త బూట్లు వేసుకుని ముందు నడిచాడు. నేను టీ పళ్ళెంతో వెనక. ఆయన గడ్డి మధ్య ఆగి, వంగి, ఒక పేడకడిని విరిచి పైకెత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు.

"ఇది జీవం వాసనండీ. దీన్ని అసహ్యించుకునేవాడు రైతే కాదు!"

అందరూ ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకున్నారు. ఎవరో ఒకావిడ అడిగింది, "మీ ఆవిడగారు కూడా పనిచేస్తారా?"

"ఆవిడకి ఇంటి పనే సరిపోతుంది. అప్పుడప్పుడు గేటూ గీటూ తీసిపెడుతుంటుంది."

సొమ్మొకడిది సోకొకడిది అని నవ్వుకుందును. అంతవరకూ నవ్వగలను. కానీ ఆ మాట అంటూనే ఆయన నా వైపు చూడకుండా చెయ్యి చాపి, నా భుజం మీదున్న తుండుగుడ్డకి ఆ వేళ్ళు తుడుచుకున్నాడు. గుడ్డ కింద నా భుజం ఉంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటీ ముందుకీ వెనక్కీ నా ఎముక మీద కదలడం తెలిసింది. గోడకి రాసినట్టు.

పళ్ళెం గడ్డిలో పెట్టి కొట్టం వెనక్కి నడిచాను. గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. పొద్దున తిన్నదంతా వచ్చేసింది, తర్వాత పసరు వచ్చింది, తర్వాత ఏమీ రాకపోయినా కడుపు మెలితిప్పుతూనే ఉంది. ఇంతలో ఎవరిదో చల్లటి చెయ్యి నా నుదురు పట్టుకుంది. కప్పుల కోసం వెతుక్కుంటూ వచ్చిన అత్తయ్య.

"అమ్మాయ్, వేవిళ్ళా?"

తల అడ్డంగా ఊపుదామనుకున్నాను. నోరు నిండుగా ఉంది. పైగా, నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉండాలనిపించింది. నా మౌనాన్ని అవుననుకుని ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

నా వెనకే వచ్చిన డాక్టరమ్మ నీళ్ళ సీసా ఇచ్చింది. నేను పుక్కిలించి ఉమ్మేదాకా ఆగి, "ఏటి అవతల మా పాడి రైతుల సంఘానికి పంచాయతీ వాళ్ళు ఒక బీడు అప్పజెప్పారండీ. అన్నీ రాళ్ళే. చూసుకునే మనిషి కావాలి, జీతం ఇస్తాం. అడుగుతున్నది మిమ్మల్నే, మీ ఆయన్ని కాదు," అంది.

"ఆయన్ని అడిగి చెప్తానండీ," అన్నాను. నా నోటి వెంట ఆ మాట వచ్చాక, అప్పుడే ఉమ్మినదానికన్నా అదే చేదుగా తగిలింది.

రాత్రి భోజనాల దగ్గరకి మా మరిదిని కూడా పిలిపించారు. నన్ను కూర్చోమన్నారు. అత్తయ్య వడ్డించింది. మామయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"చిన్నాడా, పంపకం కొన్నాళ్ళు ఆపుదాం. పెద్దాడికి మగపిల్లాడు పుడితే వాలు వాడికి చెందాలి. తాతల నాటి నేల, వారసుడంటూ ఉండాలి."

"ఈ వయసులోనా? వదినకా?" మరిది మొహం మాడ్చుకున్నాడు. "పోనీ, పుట్టేది ఆడపిల్లయితే?"

"అప్పుడు నీకే."

మా ఆయన ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. ఈ మాట నిజమయ్యే వీలుందో లేదో నాతోపాటు తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఎన్నాళ్ళుగా అటు తిరిగి పడుకుంటున్నాడో కూడా గుర్తుచేసుకోకుండా, మా పెళ్ళయ్యాక మొదటిసారి, తన కంచంలోంచి ఒక మంచి ముక్క తీసి నా కంచంలో వేశాడు. దాని మీద ఆయన ఎంగిలి మెరుస్తోంది.

ఆ ముక్కని చూస్తూ కూర్చున్నాను. వాలు మీద నేను మోసిన రాళ్ళున్నాయి, నా చెమట ఉంది, నా మోకాళ్ళ నొప్పులున్నాయి. అయినా దాని మీద హక్కుకి నేను పనికిరాను. నా కడుపులో ఉందని వాళ్ళనుకుంటున్న, అసలు లేనే లేని ఒక ముద్ద మాత్రం పనికొస్తుంది. అది కూడా మగముద్ద అయితేనే. నోరు మూసుకుంటే వాలు కొన్నాళ్ళు నిలుస్తుంది. ఆ ఆలోచనా వచ్చింది, రాలేదనను. గడ్డి కోసం కొన్నాళ్ళు కడుపు నటించనా అని. ఆ నటనలో అత్తయ్య చెయ్యి రోజూ నా నుదుటి మీద ఉంటుంది. కంచంలో ముక్కలు పడతాయి. ఆ ముక్కని వేలితో కంచం అంచుకి నెట్టేశాను.

"అది కడుపు కాదు మామయ్యగారూ, అసహ్యం," అన్నాను.

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"దేని మీద? పేడ మీదా?" అన్నారు మామయ్యగారు. "అంత పడకపోతే ముట్టుకోవడం ఎందుకు?"

నాకు నిజంగానే నవ్వొచ్చింది. "పేడ మీద కాదండీ, మీ మీద. అందరి మీదా."

ముందుగా తేరుకున్నది మరిదే. అతని మొహం విప్పారింది. "అంటే వాలు నాదేనన్నమాట, కదా నాన్నా?"

"నీదే," అన్నాను నేను. "పొద్దున్నే తీగ మార్చడానికి రా." నా కంచం అలాగే వదిలేసి లేచాను.

అతను రాలేదు. తెల్లారేసరికి మంద తీగ దగ్గర చేరి అరుస్తోంది. ఆ అరుపు వింటూ టీ తాగడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. మా ఆయన కొత్త బూట్లతో పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏ వైపు తియ్యాలి?"

ఆవులు చేసిన పాపమేముంది? "నీళ్ళ తొట్టి పక్కది," అని చెప్పాను. "నేను డాక్టరమ్మ దగ్గర పనికి వెళ్తున్నాను. జీతానికి."

"నన్ను అడగవా?"

"చెప్తున్నాగా."

"అక్కడ ఏముందని? రాళ్ళు తప్ప!"

"నేను వచ్చినప్పుడు ఇక్కడా అవే ఉన్నాయి."

అత్తయ్య మెట్ల మీద నిలబడి ఉంది. కోపమో భయమో తెలియని గొంతుతో, "సాయంత్రం వంటకి వస్తావా?" అని అడిగింది.

"ఇంటికొస్తాను అత్తయ్యా. వంటకి కాదు."

ఏటి దగ్గరికి వెళ్ళాలంటే వాలుకి అడ్డంపడి నడవడమే దగ్గర దారి. ఈ నెలలోనే అది వేరేవాళ్ళది అయిపోతుంది, బేరం పశువులు దాన్ని తొక్కి మట్టి చేస్తాయి. మొదటి అడుగు వెయ్యబోయి కిందకి చూశాను. మొన్న మేసిన గదిలో గడ్డి అప్పుడే చిగురు వేస్తోంది.

చుట్టూ తిరిగి వెళ్ళాను.