రెండు సంతకాల ఇల్లు

గుండీలామెను ఇంట్లోంచి గెంటేసింది ఒక బుధవారం పొద్దున, షిఫ్టు గంటకి ఇంకా ముప్పావుగంట ఉందనగా. బ్యాంకు తరఫున నలుగురు మనుషులు వచ్చారు, వాళ్లకి తోడు ఇద్దరు పోలీసులు. అరుపులు లేవు, తోపులాట లేదు. మర్యాదగా తలుపు తట్టారు, మర్యాదగా లోపలికి వెళ్లారు, మర్యాదగానే మంచం, పరుపు, బట్టల మూటలు తెచ్చి వీధిలో పెట్టారు. ఆఖరికి పొయ్యి మీదున్న అన్నం గిన్నె కూడా తెచ్చి పరుపు పక్కన దించారు. అన్నం ఇంకా ఉడకలేదని, అయిదు నిమిషాలు ఆగమని గుండీలామె అడిగింది. అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు. ఆ వరసలో మిగిలిన తలుపులన్నీ మూసుకున్నాయి.

ఏడో ఇంటి కిటికీలోంచి కాలరామె ఇదంతా చూసింది. ఆమె అత్త పక్కన నిలబడి, కనీసం వెళ్లి ఆ పరుపన్నా నీడకి లాగమంది. పనికి టైమైపోతోందని కాలరామె చెప్పులు వేసుకుంది. నిజానికి టైము ఉంది. లేనిది ధైర్యం.

వాళ్లు పనిచేసేది చొక్కాల ఫ్యాక్టరీలో. ఒక చొక్కా తయారవడానికి అరవై చేతులు మారుతుంది. పదకొండేళ్లుగా కాలర్లు కుట్టే మనిషి కాలరామె, గుండీలు వేసే మనిషి గుండీలామె. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఆ రోజు కాలరామె మిషను పక్కనే ఉన్న గుండీల మిషను దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. సూపర్‌వైజరు మధ్యాహ్నానికల్లా ఇంకొకామెను తెచ్చి కూచోబెట్టాడు. కాలరామె తల వంచుకుని కాలర్లు కుడుతూ తనకి తాను సర్దిచెప్పుకుంది. గుండీలామె చేతిలో ఏ కాగితమూ లేదు. నాకైతే కోర్టు తీర్పుంది.

ఆ తీర్పు కథ ఇదీ. ఏడేళ్ల కింద మొగుడూ పెళ్లాం కలిసి ఆ ఇల్లు కొన్నారు. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు రెండు మెట్లు. ఇరవై యేళ్ల లోను. కాగితాల్లో ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. మొగుడు భవనాల పనిలో మేస్త్రీ. పని ఎక్కడుంటే అక్కడికి పోయేవాడు. పోయిన ఒక ఊళ్లో ఇంకో కాపురం పెట్టాడు. మాటలైపోయాయి, పెద్దమనుషులైపోయారు, కోర్టు మిగిలింది. మూడేళ్లు తిప్పి కోర్టు విడాకులిచ్చింది. ఇల్లు భార్యది, వాయిదాల్లో సగం అతను కట్టాలి అని తీర్పులో రాసింది. అతను నాలుగు నెలలు కట్టి చేతులు దులిపేసుకున్నాడు.

తల్లి మాత్రం కొడుకు వెంట పోలేదు. కొత్త కోడలింటికి రమ్మని అతను మనిషిని పంపితే ముసలామె మంచం మీంచి లేవలేదు. "విడాకులు వాడు దీనికిచ్చాడు. నాకెవరిచ్చారు?" అంది. ఆ మాట వరసంతా పాకింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో మొగుడు లేని అత్తాకోడళ్లు ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటూ, రోజూ ఒక కంచంలో తిన్నంత దగ్గరగా బతికారు.

సగం భారం రెండు సగాలైనా కాలరామె ఏడాది పాటు మోసింది. ఓవర్‌టైము ఉన్నన్నాళ్లూ మోసింది. ఆర్డర్లు తగ్గాయని ఫ్యాక్టరీ ఓవర్‌టైము తీసేసిన నెల నుంచి వాయిదాలు తప్పాయి. గుండీలామె వెళ్లిన నెల తిరక్కుండానే ఏడో ఇంటి తలుపు మీద బ్యాంకు వాళ్లు నోటీసు అంటించారు.

తీర్పు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, సగం రోజు జీతం వదులుకుని ఆమె బ్యాంకుకి వెళ్లింది. ఆఫీసరు చిన్నవాడు, మాట మెత్తన. తీర్పు మొత్తం చదివాడు. వాయిదా తగ్గించి గడువు పెంచొచ్చని, అందుకు ఫారం ఉందని చెప్పాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆఫీసరు ఫారం తిప్పి చూపించాడు. కింద రెండు గీతలున్నాయి.

"మీ ఆయన సంతకం కూడా కావాలమ్మా."

"ఆయన నాకిప్పుడు ఏమీ కాడండీ. కోర్టు చెప్పింది కదా."

"కోర్టు మీ ఇద్దర్నీ విడదీసింది. అప్పుని విడదీయలేదు" అన్నాడు ఆఫీసరు, తనకీ బాధగానే ఉన్నట్టు.

ఆ సంతకం కోసం ముసలామె తనే బయల్దేరింది. బస్సులో ఆరు గంటలు పోయి, ఆరు గంటలు వచ్చింది. వచ్చీ రాగానే పడుకుంది. మర్నాడు కోడలు తల దువ్వుతుంటే చెప్పింది. కొడుకు కూచోబెట్టి మంచినీళ్లిచ్చాడట. సంతకం పెడితే ఇంకో ఇరవై యేళ్లు తన మెడకీ ఉరి అట, వేలమైపోతే పీడా పోతుందట, ఏమన్నా మిగిల్తే తన వాటా తనకొస్తుందని ఎవరో కాంట్రాక్టరు ఫోను చేసి చెప్పాడట.

"కన్నాను కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే చెంప పగలగొట్టేదాన్ని" అంది ముసలామె. మళ్లీ తనే, "పగలగొట్టాల్సింది" అంది.

కాంట్రాక్టరన్న మాట కాలరామె చెవిలో ముల్లులా ఉండిపోయింది. తన ఇంటి అప్పు సంగతి ఊరు కాని ఊళ్లో ఉన్న మొగుడికి ఫోను చేసి చెప్పేవాడెవడు? ఆ ప్రశ్న ఆమె మొదటిసారిగా పక్క మిషనామెతో అంది. పక్కామె ఇస్త్రీ పెద్దాయనతో అంది. ముప్పై యేళ్లు ఇస్త్రీ పెట్టె పట్టి చేతులు కమిలిన మనిషి ఆయన. పదిమందీ ఆయన మాట వింటారని కార్మికులు సంఘానికి ఆయన్నే పెద్దగా పెట్టుకున్నారు. ఆయన షిఫ్టు అయ్యాక అందర్నీ క్యాంటీనులో కూచోమన్నాడు.

నలభైమంది దాకా కూచున్నారు. సగంమంది ఎందుకొచ్చారో వాళ్లకే తెలీదు. కటింగు సెక్షన్లో పనిచేసే ఒకతను లేచి, ఇది మొగుడూ పెళ్లాల గొడవ, జీతాల సంగతి చూడాల్సిన సంఘం ఇందులో వేలు పెడితే నలుగురూ నవ్వుతారన్నాడు. కొందరు నిజమేనన్నారు. ఒకామె, మొగుడితో సర్దుకుని ఉంటే ఇల్లు నిలిచేది కదా అని పక్కామెతో అంది, అందరికీ వినపడేలా.

కోడలితో వచ్చి వెనక బెంచీ మీద కూచున్న ముసలామె లేచింది. "వాణ్ని కన్నది నేను. తప్పు వాడిదని నేనే చెప్తున్నాను, ఇక ఆ సంగతి వదిలెయ్యండి. గుండీల పిల్ల ఇల్లు పోయింది. దానికి మొగుడే లేడు. మరి అదెవరితో సర్దుకోవాల్సింది?"

అప్పుడు గుండీలామె చెల్లెలు ముందుకొచ్చింది. లా చదువుతోంది ఆ పిల్ల. అక్క ఇల్లు పోయిన రోజు నుంచి వేలం ప్రకటనలన్నీ కత్తిరించి దాచింది. టేబుల్ మీద ఒక్కొక్కటే పరిచింది. వాళ్ల కాలనీలో రెండేళ్లలో తొమ్మిది ఇళ్లు వేలానికి వచ్చాయి. ఒకరికి మొగుడు పోయాడు, ఒకరికి జబ్బు, ఒకరికి విడాకులు, ఒకరికి పని పోయింది. కష్టాలు తొమ్మిది రకాలు. కొన్నవాడు మాత్రం ఒక్కడే. ఫ్యాక్టరీకి గోదాములు కట్టే కాంట్రాక్టరు. ఈ ఇళ్లున్న మూడో వరస మొత్తం చేతికొస్తే అక్కడ గోదాము లేస్తుంది. ఓవర్‌టైము తీసేసిన ఫ్యాక్టరీ, వాయిదా తప్పగానే నోటీసిచ్చే బ్యాంకు, వేలంలో కాచుక్కూచునే కాంట్రాక్టరు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఇక్కడ పుండు చేసిందీ కాకులే.

"ఇన్నాళ్లూ ఒక్కొక్కరమే బ్యాంకుకి పోయాం. తలుపులేసుకుని ఒక్కొక్కరమే ఏడ్చాం. నేనూ అంతే. గుండీల వదిన సామాను బయటేస్తుంటే కిటికీలోంచి చూసి పనికొచ్చేశాను" అంది కాలరామె. అంతమందిలో మాట్లాడటం ఆమెకదే మొదలు. "ఈసారి అందరం పోదాం."

సోమవారం నాడు బ్యాంకుకి వెళ్లిన నలభైమందిలో కటింగతనూ ఉన్నాడు. బ్యాంకు హాల్లో కుర్చీలు చాలక నేల మీద కూచున్నారు. ఆఫీసరు గదిలోంచి పై ఆఫీసరు కూడా వచ్చాడు. లా చదివే పిల్ల మాట్లాడింది, ఇస్త్రీ పెద్దాయన మాట్లాడాడు. విడాకులైన వాళ్లకి ఒక్క సంతకంతోనే గడువు పెంచాలని కాగితం రాసిచ్చారు. పై ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు, అందరికీ టీ తెప్పించాడు, మూడు వారాలు ఆగమన్నాడు, పైకి రాస్తానన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆడవాళ్లు దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చారు. కాలరామె ఆ వారమంతా కడుపునిండా తిన్నది.

వాళ్లు ఆ టీ తాగిన రోజుకి వేలం అయిపోయి నాలుగు రోజులైంది. దాని ప్రకటన ఈ ఊరికి రాని పేపర్లో వేశారు. ఆఫీసరుకి తెలుసు. పై ఆఫీసరుకీ తెలుసు. గడువు పెంచడానికి రెండు సంతకాలు అడిగిన బ్యాంకుకి, ఇల్లు అమ్మడానికి ఒక్క సంతకమూ అక్కర్లేకపోయింది.

ఆ పై వారం శుక్రవారం ఖాళీ చేయించడానికి వస్తారని కబురు తెలిసింది. గురువారం ఫ్యాక్టరీ గేటు మీద కాగితం అంటించారు. శుక్రవారం పనిలోకి రానివాళ్లు ఇక రానక్కర్లేదని అందులో ఉంది. నలభైమంది పందొమ్మిదిమందయ్యారు. కటింగతను రాలేదు. ఇస్త్రీ పెద్దాయన వచ్చాడు గాని, ఆయన్ని దారిలోనే పట్టుకుని పోలీసులు స్టేషన్లో కూచోబెట్టారు. మిగిలింది పద్దెనిమిదిమంది ఆడవాళ్లు. మెట్ల మీద చోటు చాలక గుమ్మంలో కొందరు, వీధిలో కొందరు కూచున్నారు. గుండీలామె పక్క ఊళ్లో బంధువులింట్లో ఉంటోంది. పొద్దున మొదటి బస్సుకి వచ్చి అందరికంటే కింద మెట్టు మీద కూచుంది. కాలరామె ఆమె మొహంలోకి చూడలేక చెయ్యి పట్టుకుంది. గుండీలామె ఆ చెయ్యి వదిలించుకోలేదు.

పది గంటలకి వ్యాను వచ్చింది. ఈసారి మర్యాదలు లేవు. రెక్కలు పట్టి లాగారు. ముసలామె గుమ్మం పట్టుకుని వదలకపోతే ఒక పోలీసు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. ఇరవై నిమిషాల్లో వీధి ఖాళీ అయింది. వ్యాను కదులుతుంటే కాలరామె కిటికీ వూచల్లోంచి చూసింది. ఇంటికి తాళం పడుతోంది. ఆమెకి ఏడుపు రాలేదు. లోపల కుండలో నీళ్లు నిన్నటివని, పారబోయాల్సిందని మాత్రం అనిపించింది.

మధ్యాహ్నం కోర్టులో నిలబెట్టారు. చిన్న కేసు, పూచీ రాసిచ్చి ఇళ్లకి పోవచ్చని లా చదివే పిల్ల వెనక నుంచి చెప్పింది. గుమస్తా పేరు, వయసు, చిరునామా రాసుకుంటున్నాడు. మొదట కాలరామెని పిలిచాడు. పేరు చెప్పింది. చిరునామా అడిగితే, "మూడో వరస, ఏడో ఇల్లు" అంది.

పోలీసు అధికారి లేచి, ఆ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లదని, ఈమెకి ఉండే చోటు లేదని చెప్పాడు. మేజిస్ట్రేటు తల కూడా ఎత్తకుండా, స్థిరమైన నివాసం లేని మనిషిని పూచీ మీద ఎలా వదలమంటారు, రిమాండుకి పంపండి అన్నాడు. ఆమెను పక్కకి జరిపారు.

తర్వాత ముసలామె. చిరునామా ఏమిటని గుమస్తా అడిగాడు. "మూడో వరస, ఏడో ఇల్లు. కోడలి దగ్గరే ఉంటాను" అంది. ఆమెనూ జరిపారు.

మూడో మనిషి గుండీలామె. ఆమెకి బంధువుల చిరునామా ఉంది. లా చదివే పిల్ల వెనక నుంచి అక్కా అక్కా అంటూనే ఉంది, ఊరి పేరు చెప్పమని. గుండీలామె చెల్లెలి వైపు ఒకసారి చూసి, మళ్లీ గుమస్తా వైపు తిరిగింది.

"మూడో వరస, ఏడో ఇల్లు."

గుమస్తా కలం ఆపాడు. మేజిస్ట్రేటు ఈసారి తలెత్తాడు. నాలుగో ఆమె అదే చెప్పింది. అయిదో ఆమె అదే చెప్పింది. ఆరో ఆమెకి పాలు తాగే బిడ్డ ఉంది. ఆమె తన ఇంటి నంబరే చెప్పి, తల దించుకుని బయటికి వెళ్లింది. ఎవరూ ఆమెను తప్పుబట్టలేదు. తర్వాత ఇంకొకామె కూడా అలాగే వెళ్లింది. మిగిలిన పదహారుమందీ ఒకటే చెప్పారు. నిజం చెప్పకపోతే ఇంకో కేసవుతుందని పోలీసు అధికారి బెదిరించాడు. నిందితులు చెప్పింది చెప్పినట్టు రాయడం గుమస్తా పని కాబట్టి రాశాడు. పద్నాలుగు రోజుల రిమాండు.

పదో రోజున లా చదివే పిల్ల జైలుకి ములాఖత్‌కి వచ్చింది. ఇనప జాలీ అవతల నిలబడి అన్నీ చెప్పింది, ఏదీ దాచలేదు. ఏడో ఇంటిని మిషను పెట్టి పడగొట్టారు. పదహారుమందిలో పన్నెండుమంది ఉద్యోగాలు పోయాయి. ఇస్త్రీ పెద్దాయన్ని వదిలారు గాని ఫ్యాక్టరీ గేటు దాటనివ్వడం లేదు. ముసలామె కొడుకు ఒకసారి వచ్చి, ఇల్లు అమ్మగా ఏమన్నా మిగిలిందా అని బ్యాంకులో అడిగి పోయాడు. ఏమీ మిగల్లేదన్నారు.

కాలరామె విన్నది. వెనక బల్ల మీద అత్త పడుకుని దగ్గుతోంది. కొడుకు సంగతి ఆమెకి చెప్పొద్దంది.

"మొన్న ఎనిమిదో ఇంటికి నోటీసు అంటించారక్కా" అంది ఆ పిల్ల.

"ఎవరన్నా ఉన్నారా అక్కడ?"

"ఆరోజు కోర్టు నుంచి ఇంటికెళ్లిపోయిన వాళ్లిద్దరూ ఉన్నారు. అందులో ఒకామె చంటిపిల్లనెత్తుకునే వచ్చింది. కటింగాయన వచ్చాడు. ఇంకో ఇరవైమంది దాకా ఉన్నారు. మెట్ల మీద కూచున్నారు." ఆ పిల్ల జాలీకి దగ్గరగా జరిగింది. "ఏం చెయ్యమంటారో నిన్ను అడిగి రమ్మన్నారు."

కాపలా మనిషి టైమైపోయిందన్నాడు. కాలరామె జాలీ పట్టుకుని ఆలోచించింది. ఆమెకి చెప్పడానికి గొప్ప మాటేదీ దొరకలేదు.

"అదీ పోతుందేమో" అంది. "అయినా లేవొద్దని చెప్పు."