ఎటు తోస్తే అటు తిరిగే ఫ్యాను

ఉక్కపోస్తే మేనకోడలు ప్రీతి కళ్లు తిరిగి పడిపోతుందని ఎస్తేరుకు తెలుసు. పెళ్లి చూస్తే మే నెలలో, పామిడిముక్కల చర్చిలో, పట్టపగలు. “ఫ్యాను కిందే నిలబెడతాం. ప్రమాణాలయ్యేదాకా పిల్ల పడిపోకుండా చూసే పూచీ నాది” అని వదినకు మాటిచ్చింది.

పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకున్నారు. ఎవరో స్విచ్ వేశారు. ఫ్యాను గుయ్యిమని మూలిగింది తప్ప రెక్క కదల్లేదు.

సంఘపెద్ద గంగరాజు కంగారుపడలేదు. ప్రతి ఆదివారం ఆ ఫ్యానుకు ఆయనే వైద్యుడు. కానుకలు పట్టే పొడుగుకర్ర సంచి తెచ్చాడు. ఎప్పుడూ నిలబడే చోట పూలస్టాండు అడ్డమొస్తే, అవతలి వైపు నుంచి కర్రతో రెక్కను ఒక్క తోపు తోశాడు. ఫ్యాను తిరిగింది. గాలి మాత్రం రాలేదు. పైగా పెళ్లికూతురి మేలిముసుగు మెల్లగా పైకి లేచింది.

“అన్నా, ఇది గాలి ఇస్తోందా, లాక్కుంటోందా?” అంది ఎస్తేరు.

“తిరుగుతోందిగా చెల్లెమ్మా! ఇంకేం కావాలి?”

“అత్తా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి” అంది ప్రీతి నీరసంగా.

పెళ్లికొడుకు జయంత్ బందరు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. మెడ తిప్పకుండా గొణిగాడు. “కండెన్సర్ పోయిందండీ, అత్తయ్యగారూ.”

“పోతే?”

“మోటారులో రెండు తీగచుట్టలుంటాయండి. ఒకదాని కరెంటును కండెన్సర్ కాస్త ముందుకు జరుపుతుంది. ఆ తేడాతోనే ఎటు తిరగాలో మోటారుకు తెలుస్తుంది. అది పోయిందా, సొంత బుద్ధి ఉండదు. ఎవరెటు తోస్తే అటే. ఇప్పుడు ఎదురు తిరుగుతూ గాలిని పైకి లాగుతోంది.”

“అచ్చం మా ఆయనే!”

“ఇంకా వివరంగా చెప్పాలంటే...”

“పాఠం రేపు చెబుదువుగాని, బాబూ! ముందు పిల్లను పట్టుకో.”

ఎస్తేరు స్విచ్ ఆపింది. గంగరాజు చేతిలో కర్ర లాక్కుంది. రెక్కలు ఆగవే! పాస్టరుగారు ప్రసంగంలో మూడో అంశానికి వచ్చారు. ప్రీతి జయంత్ భుజం మీదికి వాలిపోతోంది. చివరికి ఫ్యాను ఆగింది. ఎస్తేరు మళ్లీ స్విచ్ వేసి, పూలస్టాండును మోకాలితో నెట్టి, ఇవతలి నుంచి బలంగా తోసింది.

ఫ్యాను వేగం పుంజుకుంది. ముసుగు దిగింది. చల్లగాలి మొహానికి తగిలి ప్రీతి కళ్లు తెరిచింది. పాస్టరుగారి కాగితాలు ఎగిరి ఆడవాళ్ల చాపల మీద పడ్డాయి. ఆయన వాటికేసి ఒకసారి, పెళ్లికూతురికేసి ఒకసారి చూసి, నేరుగా ప్రమాణాల్లోకి దూకారు.

“జయంత్, ఈ ప్రీతిని నీ భార్యగా అంగీకరిస్తున్నావా?”

“అంగీకరిస్తున్నానండీ!” బయట వంటవాళ్లకు కూడా వినపడేలా అరిచింది ప్రీతి.

“అమ్మా, నేనడిగింది అబ్బాయిని” అన్నారు పాస్టరుగారు.

చర్చి అంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఎస్తేరే.