అలిగిన వల

పెద్దింట్లమ్మ రోజూ తెల్లారగట్లే లేచి, మొహమైనా కడుక్కోకుండా రేవుకి వెళ్లి వలని పలకరించేది. "లేచావా అత్తా" అని వల అంచు మీద చెయ్యి వేస్తే చాలు, ఆ పూట దాని మనసు ఎలా ఉందో ఆమెకి తెలిసిపోయేది. మనసు బాగుంటే ఒడ్డున నిలబడి లాగే ఆ పెద్ద అలివి వలని నలుగురు మగాళ్లు భుజాలకెత్తుకుని పడవలో వేసేవారు. అలిగిందంటే మాత్రం నలభై మంది పట్టినా ఇసకలోంచి లేచేది కాదు.

ఆ వలకి నార వడికింది ఆమె అత్తగారు సుబ్బాయమ్మ. వడుకుతూ వడుకుతూనే, చివరి మూర చేతిలో ఉండగా ప్రాణం వదిలింది. మనిషి పోయింది గాని కోపం పోలేదు, నారలో చేరి వలలోకి వచ్చేసింది. ఇసకపాలెంలో ఇదేమంత వింత కాదు. ఒకసారి బుల్లియ్య కల్లు తాగి తూలుతూ వస్తే వల అతన్ని తాడు ముట్టుకోనివ్వలేదు. మర్నాడు తలస్నానం చేసి వచ్చి తప్పయిందని చెప్పుకున్నాకే నీళ్లలోకి దిగింది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. పెద్దింట్లమ్మకి ఆ పేరు తెచ్చుకునే వీలు వల ఇవ్వలేదు.

ఆ వల తాడు మీద తొలి చెయ్యి పెద్దింట్లమ్మ ఇంటిది. ఆమె కొడుకు సత్తియ్య చెయ్యి పడ్డాకే మిగతావాళ్లు లాగాలి. గోదారి సముద్రంలో కలిసే ఆ మొగలో అంతకన్నా పెద్ద గౌరవం లేదు. పెద్దింట్లమ్మ తల ఎత్తుకుని నడిచేదంటే దాని వల్లే.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్లు దాటిన రోజులవి. ఆ కార్తీకంలో ఒక పడుచు దొరసాని కాలవ పడవ దిగి, ఎడ్లబండిలో ఇసకపాలెం వచ్చింది. పేరు హెలెన్. పేట ఆమెని ఎలెనమ్మ అంది. ఎక్కడో మంచు కురిసే దేశంలో పుట్టి, ఇక్కడి ఆడపిల్లలకి చదువు చెప్పడానికి, రోగాలకి మందివ్వడానికి, తన దేవుడి మాట చెప్పడానికి మిషన్ తరఫున వచ్చిన పిల్ల. ఇరవై మూడేళ్లుంటాయి. రాజమంద్రంలో ఒక పంతులుగారి దగ్గర ఎనిమిది నెలలు తెలుగు నేర్చుకుంది. "కొంచెము జలము దయచేయుదురా" అని అడిగితే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, చెంబుడు నీళ్లతో పాటు రెండు ఎండు చేపలు కూడా చేతిలో పెట్టేవారు. ఆమెకి తోడుగా జ్ఞానప్రకాశం అనే ఉపదేశి వచ్చాడు. పాపం, చేపల వాసన పడని మనిషి.

కులపెద్ద పల్లంరాజు ఆమెని ఉండనివ్వడానికి ఇష్టపడలేదు. తెలియని మనిషి, తెలియని దేవుడు, రేపు ఏ కీడైనా జరిగితే ఎవరు జవాబు చెప్తారని నలుగురిలో అడిగాడు. పెద్దింట్లమ్మ ఆ పిల్లని చూసింది. బూట్ల నిండా ఇసక, ఎండకి కమిలిన ముక్కు. అయినా వెన్ను వంచకుండా నిలబడి ఉంది. ఆ నిలబడడం పెద్దింట్లమ్మకి నచ్చింది.

"నాది పూచీ అన్నా. ఈ పిల్ల వల్ల పేటకి కీడొస్తే మా ఇంటి తొలి చెయ్యి మీ ఇంటికి ఇచ్చేస్తాను" అంది.

సత్తియ్య గతుక్కుమన్నాడు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమె నోరు జారలేదు, తెలిసే అంది. తన ఇంటి పక్క పాకని ఊడ్చి, అలికి ఎలెనమ్మకి ఇచ్చింది.

మూడో రోజు ఎవరికో కళ్ల కలకలంటే ఎలెనమ్మ మందుల పెట్టె పట్టుకుని పరుగున బయల్దేరింది. ఒడ్డున వల ఆరేసి ఉంది. ఆ వైపు ఊళ్లలో ఆడవాళ్లు వల దాటరు, పెద్దింట్లమ్మంతటిది కూడా చుట్టూ తిరిగే వెళ్లేది. ఎలెనమ్మ నడి మధ్యలోంచి దాటేసింది. బూటు మడమ తగులుకుని వల బారెడు చిరిగింది. ఎవరూ ఒక్క మాట అనకముందే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

ఆ సాయంత్రమే సత్తియ్య చిరుగు అల్లాడు. పొద్దున్న చూస్తే ముడులన్నీ వాటంతటవే విడిపోయి ఉన్నాయి. పల్లంరాజు అల్లాడు, బుల్లియ్య అల్లాడు, ఎవరు అల్లినా అంతే. అత్తగారు అలిగారని పేట గ్రహించింది. అలాగే బతిమాలి సముద్రంలో వేస్తే కవళ్ల చేపలు గుంపులు గుంపులుగా వల్లోకి వచ్చేవి. వచ్చి, పెళ్లి పందిట్లోంచి భోజనాలయ్యాక వెళ్లే బంధువుల్లాగా ఆ చిరుగులోంచి తీరిగ్గా బయటికి పోయేవి. ఏడాదంతా ఎదురుచూసే కవళ్ల అదను అది. ఆరు రోజులు పొయ్యిల మీద ఉత్త గంజే కాగింది.

ఏడో రోజు పల్లంరాజు కబురు పెట్టాడు. దొరసాని వల ముందు కొబ్బరికాయ కొట్టి, చెవులు పట్టుకుని దణ్ణం పెట్టాలి. లేదా ఊరు వదలాలి. రెండూ జరక్కపోతే తొలి చెయ్యి తన ఇంటికి రావాలి. జ్ఞానప్రకాశం ఈ మాట చెప్తే ఎలెనమ్మ తల వంచుకుని వింది. తప్పు చేశానని ఎంతమంది ముందైనా ఒప్పుకుంటాను గాని, తన దేవుడికి తప్ప ఇంకొకరికి మొక్కలేనని చెప్పి పంపింది.

ఆ మాటకి పెద్దింట్లమ్మకి ఒళ్లు మండాలి. మండలేదు. పరాయి దేశం వెళ్లి ఎవరి దేవుడికో మొక్కమంటే తను మాత్రం మొక్కేదా అనుకుంది. కానీ గడువు లేదు. మర్నాడు పట్నం నుంచి మిషన్ పెద్దదొర వస్తున్నాడు. ఇక్కడి గొడవ గురించి జ్ఞానప్రకాశం ఆయనకి ఉత్తరం రాసేశాడు. రేపటితో పిల్లా పోతుంది, తన మాటా పోతుంది.

పాకలోకి తొంగి చూస్తే ఎలెనమ్మ బూట్లు విప్పుతోంది. వట్టి కాళ్లతో బయటికి వచ్చి, "అమ్మగారూ, వల అల్లే సూది ఇవ్వండి" అంది.

ఇచ్చింది. ఆ పిల్ల ఒడ్డుకి వెళ్లి, వల చుట్టూ తిరిగి వచ్చి, చిరుగు ఒళ్లో వేసుకుని ఇసకలో కూర్చుంది. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగించింది. వల కన్ను కొలతకి ఎడమచేతి వేళ్లు రెండు పెట్టుకుంది. చెయ్యి ఆడడం మొదలయ్యాక పెద్దింట్లమ్మ రెప్ప వెయ్యలేదు. ఆ చెయ్యి ఎనిమిది నెలల్లో నేర్చుకున్నది కాదు, ఉగ్గుపాలతో నేర్చుకున్నది.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అంది పక్కనే కూలబడి.

ఎలెనమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. పుస్తకం భాష ఎక్కడికో పోయి, పేటలో విన్న మాటలే వచ్చాయి. "మా నాన్న. మాది చేపలు పట్టే ఇల్లు. మిషన్లో అందరూ గొప్పింటి పిల్లలే. చెప్పుకోవడానికి సిగ్గేసి, మా నాన్నకి ఓడల వ్యాపారమని అబద్ధం చెప్పాను." ఇంకో ముడి బిగించింది. "మా ఊళ్లోనూ ఆడవాళ్లు వల దాటరు అమ్మగారూ. నాకు తెలుసు. బూట్లు వేసుకున్నాక మర్చిపోయాను."

పెద్దింట్లమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నార పురి పెట్టి అందిస్తూ కూర్చుంది. ఒక్కో ఆడమనిషే వచ్చి చుట్టూ చేరింది. మధ్యాహ్నానికి చిరుగు పూడింది. ఎలెనమ్మ చివరి ముడి వేసి, వల మీద చెయ్యి ఉంచి, "నాదే తప్పు" అని మెల్లగా అంది. మొక్కలేదు. పెద్దవాళ్లతో చెప్పినట్టు చెప్పింది, అంతే.

మర్నాడు పొద్దున్న ముడులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నలుగురు ఎత్తితే వల లేచింది. సత్తియ్య తాడు మీద చెయ్యి వేశాక పేటంతా లాగింది. ఆడవాళ్ల వరసలో, చీర కుచ్చిళ్ల పక్కన పాదాల దాకా గౌనుతో, ఎలెనమ్మ కూడా లాగింది. వల ఒడ్డుకి చేరేసరికి కవళ్లు, కానాగంతలు కలిసి కుప్పలుగా మిలమిలలాడుతున్నాయి. పల్లంరాజు మీసం దువ్వుకుంటూ, తనకి ముందే తెలుసన్నట్టు నిలబడ్డాడు.

అందరూ వల చుట్టూ కూర్చుని చేపలు ఏరుతుండగా పెద్దదొర బండి వచ్చింది. తెల్ల బట్టలు, మంచి మనిషి. వట్టి కాళ్లతో, మోచేతుల దాకా పొలుసులతో ఉన్న ఎలెనమ్మని చూసి బిత్తరపోయాడు. పట్నంలో ఆడపిల్లల బడికి పంతులమ్మ కావాలని, ఇక్కడ ఆమెకి కష్టమని, ఇప్పుడే బయల్దేరమని చెప్పాడు. ఆయన నౌకరు అప్పుడే పాకలోంచి పెట్టెలు తెచ్చి బండిలో సర్దేస్తున్నాడు. ఏంటి ఈ అవతారమని కూడా పెద్దదొర ఆమెని అడిగాడు.

ఎలెనమ్మ అందరికీ వినబడాలని తెలుగులోనే చెప్పింది. "మా నాన్న చేపలు పట్టేవాడండి. నేను ఆయన కూతుర్ని."

పెద్దింట్లమ్మకి తన కడుపున పుట్టిన పిల్ల పదిమందిలో మాట్లాడినంత గర్వమేసింది. కానీ మిషన్ మాట మిషన్ మాటే. పెద్దదొర ఆ సంగతి జ్ఞానప్రకాశం చేత చెప్పించుకుని తల ఊపి, మళ్లీ బండి చూపించాడు. ఎలెనమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. ఒక అడుగు వేసి ఆగిపోయింది.

గౌను అంచు వల కంట్లో పడి ముడిపడి ఉంది. ఎవరూ వేసిన ముడి కాదు. ఆమె లాగింది, రాలేదు. సత్తియ్య, బుల్లియ్య గోళ్లతో విప్పబోయారు, విప్పేకొద్దీ బిగిసింది. నౌకరు చాకు తీస్తే పల్లంరాజు అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఆ పిల్లని ఊరు వదలమన్న పల్లంరాజే.

"మా వల మీద కత్తి పడనివ్వనండి" అన్నాడు.

పెద్దదొర నౌకర్ని ఆగమన్నాడు. ఈ ముడి ఎప్పుడు విడుతుందని జ్ఞానప్రకాశం చేత అడిగించాడు. అందరూ పెద్దింట్లమ్మ వైపు చూశారు. ఆమె చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, దొరకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా అత్తగోరు పట్టుకుంటే ఆవిడంతట ఆవిడే వదలాలండి. నన్ను పట్టుకుని నలభై ఏళ్లయింది. ఇంకా వదల్లేదు."

జ్ఞానప్రకాశం ఆ మాటని ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాడు. దొర ముడి వైపు, ఎలెనమ్మ వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత నౌకర్ని పిలిచి, బండి మీది పెట్టెలు దింపమన్నాడు.