కదలనివాటి జాబితా

ఆరో గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిలోని ఇనుప మూతిని తుడుస్తున్నాడు నీళ్లాయన. గోల్ఫ్ మైదానమంతా కలిపి నీళ్లు చిమ్మే మూతులు అలాంటివి మూడువందల పన్నెండు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని అదే. చుట్టూ పెరిగిన గడ్డి కత్తిరించడం, లోపల దూరిన ఇసుకని గోరుతో గీకి తీయడం, పక్కదానికి పోవడం. కుడిచేతి బొటనవేలికి గోరు సగమే మిగిలింది. ఈ పొద్దున ఎడమచెయ్యి కాస్త మొద్దుబారినట్టుంది గానీ, దానితో పెద్దగా పని లేదు కదా అని ఊరుకున్నాడు.

బంతి వచ్చి అలాంటి మూతి పక్కన పడి, నిలబడటానికో కర్ర ఊపడానికో అది అడ్డొస్తే ఆటగాడికి నష్టమేమీ లేదు. జెండాకి దగ్గర కాకుండా అడ్డులేని చోటు చూసుకుని, అక్కణ్ణించి కర్రపొడుగు లోపల, మోకాలెత్తు నుంచి బంతిని వదిలి హాయిగా ఆడుకోవచ్చు. మనిషి చేసి పాతినదానికి ఆ మర్యాద ఉంది, చెట్టుకి లేదు. రూలంతా నీళ్లాయనకి నోటికొచ్చు. ఒక్కనాడైనా కర్ర పట్టిన పాపాన మాత్రం పోలేదు.

ఈవేళ తుడిచిన ప్రతి మూతి మీదా తెల్లరంగు చుక్క పెడుతున్నాడు. క్లబ్బు సెక్రటరీగారి ఆజ్ఞ. కదలనివాటికి చుక్క, ఆ రూలు చుక్క ఉన్నవాటికే. చేత్తో ఎత్తగలిగినవన్నీ, కుర్చీలూ డబ్బాలూ చెక్కలూ, సాయంత్రానికల్లా షెడ్డుకి పోవాలి. సెక్రటరీగారు కాగితం పట్టుకుని వెనకే వస్తూ, కనిపించినదాన్నల్లా బూటుతో తోసి చూసి రాసుకుంటున్నారు.

పదకొండో గుంట దగ్గర, పంపు గది గోడకి ఆనుకుని ఒక సిమెంటు పలక ఉంది. గది కట్టగా మిగిలిందది. గడ్డి పీకే పనిలో ఉన్న భార్య మధ్యాహ్నంపూట తడినేల మీద కూర్చుంటోందని, ఎప్పుడో రెండు ఇటుకల మీద ఆయనే ఎత్తి పెట్టాడు. పనిమంతుడే, కానీ ఇటుకలు రెండూ మధ్యకి పడ్డాయి. ఇద్దరూ చెరో కొసన కూర్చుంటేనే అది నిలుస్తుంది. ఆయన ముందు లేచాడా, ఆవిడ అన్నం డబ్బాతో సహా కిందికి పోయేది. "లేచేటప్పుడు చెప్పి లేవొచ్చుగా మహానుభావా" అనేది. రోజూ అనేది. రోజూ ఆయన మరిచిపోయేవాడు.

రెండేళ్ల కిందట ఆవిడే చెప్పకుండా లేచి, ఈ లోకంలోంచే వెళ్లిపోయింది. ఆయన మూడోరోజుకల్లా పన్లోకి వచ్చాడు, నిమ్మకు నీరెత్తినట్టు. ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకున్నాడన్నారు జనం. రాయీ లేదు, ఏమీ లేదు. ఇంట్లో ఆవిడ చీపురు చూసినా ఏమీ అనిపించదు. ఈ పలక మధ్యలో కూర్చుని తింటున్నప్పుడు మాత్రం ఆవిడ పక్కకి జరగమంటున్నట్టు ఉంటుంది. ఇది కూడా షెడ్డుకి పోతే ఇంక ముద్ద ఎక్కడ దిగుతుందో ఆయనకి తెలీదు.

"ఇదేంటయ్యా? కదుల్తుందా?" అన్నారు సెక్రటరీగారు.

"కదలదండి."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయనకి ఆడిన అలవాటు లేదు. సెక్రటరీగారు బూటు ఎత్తగానే ఒక కొస మీద కాలు ఆనించి, అవతల ఎంత బరువు పడితే అంతే మోపడానికి సిద్ధంగా నిలబడ్డాడు. సెక్రటరీగారు రెండో కొసని బూటుతో తొక్కారు. అది కదల్లేదు. ఆయన చూపు నీళ్లాయన కాలి మీద పడిందో లేదో గానీ, కాగితం మీద ఏదో రాసుకుని ముందుకి నడిచారు. నీళ్లాయన వంగి, పలకకి సరిగ్గా మధ్యలో చుక్క పెట్టాడు. చుక్క గుండ్రంగా వచ్చింది.

మధ్యాహ్నం డబ్బా పట్టుకొచ్చేసరికి చుక్క ఇంకా పచ్చిగానే ఉంది. మధ్యలో కూర్చునే వీల్లేదు. గుంతలు పూడ్చే ఇసుక బస్తాని గదిలోంచి ఈడ్చుకొచ్చి, ఒక మూల, తర్వాత ఇంకో మూల ఎత్తి, ఆవిడ కూర్చునే కొసన పడేశాడు. రొమ్ములో ఏదో పట్టేసింది. తన కొసన కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత అక్కడ కూర్చోవడం. పలక నిలిచింది. గోడకి వీపు ఆనించి, ఉడకబెట్టిన గుడ్డు సగం తిన్నాడు.

కాసేపటికి ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. వెనకే ఆటగాడు, సంచీ మోసే ఆమె.

"పెద్దాయనా, కాస్త..." అని ఆగాడు ఆటగాడు.

"కునుకు తీస్తున్నట్టున్నాడు. లేపనా సార్?"

"పాపం, పడుకోనీ. ఎలాగూ చుక్క ఉందిగా."

అడ్డులేని చోటు చూసుకుని, కర్రపొడుగు కొలిచి, మోకాలెత్తు నుంచి బంతిని వదిలాడు. దెబ్బ బాగా పడింది. బంతి జెండా పక్కనే ఆగింది. పెద్దాయన నిద్ర చెడకూడదని ఇద్దరూ మెల్లగా నడిచి వెళ్లారు.

రోజూ పంపు వేసేది ఆయనే. ఆవేళ నాలుగింటికి మూతుల్లోంచి నీళ్లు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో అలా జరగలేదు. షెడ్డు మెకానిక్కు చూడటానికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

సెక్రటరీగారు వచ్చేసరికి నలుగురు పోగయ్యారు. మెకానిక్కూ ఇంకొకతనూ కలిసి ఆయన్ని ఎత్తారు. ఎత్తగానే పలక బస్తా వైపుకి దబ్బున ఒరిగింది.

"సార్, ఇది ఊగుతోంది," అన్నాడు మెకానిక్కు. "షెడ్డులో పడేయించమంటారా?"

సెక్రటరీగారు జేబులోంచి కాగితం తీశారు. చాలాసేపు చూశారు. మళ్లీ మడిచి పెట్టుకున్నారు.

"చుక్క ఉందిగా," అన్నారు. "అది కదలదు."

వాళ్లు వెళ్లాక పలక అలాగే ఉంది. ఆవిడ కొస నేలకి ఆని, ఆయన కొస గాలిలో లేచి, మధ్యలో తెల్లచుక్క ఎక్కడా చెదరకుండా ఆరిపోయి ఉంది.