బెత్తెడు మీద వేలు

కారులో తల పట్టినప్పుడు మోకాళ్లు పట్టలేదు. సీటును వెనక్కి జరిపి మోకాళ్లు పట్టిస్తే తల పట్టలేదు. సీట్ల మేస్త్రి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇక దిగండి డ్రైవర్ గారూ" అన్నాడు.

దిగడం కూడా ఒక పనే అయింది. ముందు ఒక కాలు వచ్చింది. తర్వాత తల వచ్చింది. మిగతా మనిషి విడతలు విడతలుగా వచ్చాడు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. డిపోలో అందరూ నిచ్చెన అని పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

కారు రెండు సీట్లది. పొడుగాటి ముక్కు, నేలకు ఆనినట్టుండే నడుము, పైన రేకు కప్పు. డ్రైవర్ మేనత్త భర్త దాన్ని యాభై ఏళ్ల కిందట కొన్నాడు. ఆ మామయ్య డ్రైవర్ గుండెల దాకా వచ్చేవాడు. కారు ఆయన కొలతకే పోత పోసినట్టుండేది. ఆయన పోయి ఏడాదయింది. శనివారం పదకొండింటికి ఒకాయన దాన్ని కొనడానికి వస్తున్నాడు.

మేనత్త మేస్త్రి షాపు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"చెప్పిందే చెబుతున్నా. రేకు కొయ్యకూడదు. మీ మామయ్య సీటు చింపకూడదు. ఎక్కి, వీధి చివరిదాకా వెళ్లి, మెడ వంచకుండా తిరిగొచ్చావా, బండి నీది. లేదా, ఆ వచ్చేవాడిది. అతను పొట్టిగానే ఉంటాడట, అడిగాను."

"కాస్త మెడ వంచితే ఏం పోతుందత్తా?"

"మెడ వంచుకుని నడిపేవాడికి ఎదుటివాడు కనపడడు. రేపు నువ్వు దేనికో గుద్దుకుంటే ఆ పాపం నాకెందుకు?"

గేరు మార్చడం డ్రైవర్ ఈ కారులోనే, పక్క సీట్లో కూర్చుని నేర్చుకున్నాడు. తొమ్మిదో ఏట. అప్పుడు పట్టేవాడు.

మేస్త్రి పాత సీటు విప్పి అటక మీద పెట్టించాడు. కొత్త సీటుకు ఇనుప చట్రం చేయిస్తానన్నాడు. స్ప్రింగులు పెడితే ఎత్తు వస్తుంది కాబట్టి స్ప్రింగులు ఉండవు. స్పాంజి కూడా ఉండదు. చట్రం మీద కాన్వాసు గుడ్డ బిగించడమే.

"మరి నా నడుము?" అన్నాడు డ్రైవర్. బస్సు ఇచ్చిన నొప్పి అది.

"ముందు తల సంగతి చూద్దాం. నడుముతో తర్వాత మాట్లాడదాం."

మేస్త్రి షాపులో టేపు ఉంది. మేకుకు వేలాడుతూ ఉంటుంది. కొలిచేది మాత్రం చేత్తోనే. ఇనుప పని చేసేది మేస్త్రి బావమరిది. వెల్డింగులో చెయ్యి తిరిగినవాడే. కాకపోతే ఆ కుడి చేతికి చిటికెన వేలు లేదు. పదకొండేళ్ల కిందట గ్రైండరు తీసుకుపోయింది. లోకంలో బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు. ఆ షాపులో మాత్రం మూడే. నాలుగు వేళ్లు కావాలంటే మేస్త్రి "బెత్తెడు మీద వేలు" అంటాడు. ఆ లెక్క వాళ్లిద్దరికే తెలుసు, పదకొండేళ్లలో ఎప్పుడూ తప్పలేదు.

"పాత సీటు కంటే బెత్తెడు మీద వేలు దించరా" అని కుట్టు మిషను దగ్గరనుంచే కేకేశాడు మేస్త్రి.

శుక్రవారం మధ్యాహ్నానికి చట్రం బిగించారు. డ్రైవర్ ఎక్కాడు. తలకీ కప్పుకీ మధ్య మేస్త్రి అరచెయ్యి దూర్చి చూశాడు. దూరింది. మోకాళ్లు స్టీరింగ్ కిందనుంచి సుఖంగా వెళ్లాయి.

"ఎలా ఉంది?"

"అంతా బానే ఉంది. రోడ్డెక్కడ?"

మేస్త్రి వంగి, డ్రైవర్ కళ్ల ఎత్తునుంచి ముందుకు చూశాడు. స్టీరింగ్ పై అంచు రోడ్డుకు సరిగ్గా అడ్డంగా ఉంది. ఆయన పాత సీటు గుర్తు దగ్గర చెయ్యి పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్లు కాదు, అయిదు దిగింది.

"ఒరేయ్, ఏ చేత్తో కొలిచావు?"

"ఎడం చేత్తో బావా."

"ఇన్నేళ్లూ కుడి చేత్తో కొలిచి ఇవాళ నీకు ఎడం చెయ్యి ఎందుకు గుర్తొచ్చింది?"

"పెద్దావిడ పరీక్ష హాల్లో టీచరులా చూస్తోంది కదా. ఒక్కసారైనా సరిగ్గా కొలుద్దామని."

మేస్త్రి తిట్టలేదు. చట్రం మళ్లీ చెయ్యాలంటే సోమవారం అవుతుంది. ఆయన కారు పక్కన నేలమీద కూర్చుని ఎక్కువ దిగిన ఆ వేలు ఖాళీ వంక కాసేపు చూశాడు. లేచి లోపలికి వెళ్లి, వేలు మందం గట్టి స్పాంజి తెచ్చాడు. కాన్వాసు విప్పి, కింద పరిచి, మళ్లీ బిగించాడు.

డ్రైవర్ ఎక్కాడు. రోడ్డు కనిపించింది. అలాగే కూర్చుండిపోయాడు.

"నడుము ఏమంటోంది?" అని అడిగాడు మేస్త్రి.

"ఏమీ అనడం లేదు. ఇది నోరు మూసుకుని ఎన్నేళ్లయిందో."

బావమరిది దగ్గరికొచ్చాడు. "నేను మామూలుగా కొలిచి ఉంటే ఆ స్పాంజికి చోటుండేది కాదు కదా బావా?"

"ఉండేది కాదు."

"అంటే మెచ్చుకుంటున్నట్టేనా?"

"కాదు."

శనివారం పొద్దున మేనత్త మేస్త్రి బల్లమీదనుంచి నీలం సుద్దముక్క తీసుకుంది. గుడ్డమీద గీతలు గీసే సుద్ద అది. కారులో ఒక మోకాలు ఆనించి, డ్రైవర్ తల వచ్చే చోట కప్పు లోపలి గుడ్డంతా దట్టంగా రాసింది.

"తల కప్పుకు తగిలితే ఇది అంటుతుంది, తగిలినవాడు రేపు మెడ వంచుతాడు. తెల్లదైతే వాడి జుట్టులో కలిసిపోతుంది" అంది.

కారు బయలుదేరింది. వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఉంది. వెనక అద్దంలోంచి మేస్త్రికి డ్రైవర్ తల కనిపిస్తూనే ఉంది. వెళ్లేటప్పుడు అది నిటారుగానే దాటింది. తిరిగొచ్చేటప్పుడు ముందు అద్దంలో కనిపించింది. ఆ మిట్ట దగ్గర ఒక్కసారి ఎగిరి దిగింది. మేస్త్రి బావమరిది వంక చూడలేదు.

డ్రైవర్ దిగి మేనత్త ముందు నిలబడ్డాడు. ఆవిడ తల ఆయన భుజానికి కాస్త కింద ఉంది.

"వంగు. చూస్తాను."

"మెడ వంచొద్దన్నావు కదత్తా."

బావమరిది నవ్వొచ్చి దగ్గాడు. మేనత్త నవ్వలేదు. కారు చుట్టూ తిరిగి వెళ్లి, పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. ఆ సీటును ఎవరూ దించలేదు.

"నువ్వూ ఎక్కు."

ఎక్కాడు. ఇద్దరి తలలూ దాదాపు ఒక ఎత్తుకు వచ్చాయి. ఆవిడ ఆయన నడినెత్తి వంక చాలాసేపు చూసింది.

"ఇక్కణ్ణుంచి చూస్తే మీ మామయ్య ఇంతే ఎత్తుండేవాడు" అంది.

చేతిరుమాలు తీసి ఆయన నెత్తిని ఒకసారి తుడిచింది. రుమాలు మడతపెట్టి గుప్పిట్లో పెట్టుకుంది. మడత అంచున నీలం మేస్త్రికి కనిపించింది.

"ఏమీ అంటలేదు" అంది మేనత్త. ఆ తర్వాత, కొనడానికి వచ్చేవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

డ్రైవర్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టుకుని ఉన్నాడు. ఫోన్ అయ్యాక కూడా తియ్యలేదు.

మేనత్త కారులోంచే పిలిచింది. మూడు రోజులుగా గుమ్మంలో కూర్చుని షాపు భాష పట్టేసింది.

"మేస్త్రీ, ఆ స్పాంజి ఒక అర వేలు తగ్గించు."

మేస్త్రి తలూపి, స్పాంజి కోసే కత్తి కోసం చెయ్యి చాపాడు. బావమరిది కత్తి అందించలేదు.

"ఎవరి వేలు బావా?" అన్నాడు.