రెండు చేతుల గ్లాసు

‘పిడుగు’ సీరియల్ మీద నా అభిప్రాయం మొదట్లోనే తేల్చి చెప్పేశాను: దండగ. హీరో కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. స్తంభం ఎక్కి ఉండగా పిడుగు పడుతుంది. చావడు, బలం వస్తుంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఐదు వారాల్లో వాడు ఎన్నిసార్లు ఎగిరాడు? రెండంటే రెండుసార్లు. మిగతాదంతా ఇల్లు, వంటగది, తల్లి, పాలగ్లాసు. వాడి అన్న కూరగాయల సంచీ తెచ్చి గట్టు మీద పెట్టడం ప్రతి వారం చూపిస్తారు. ఒక భాగంలో హీరో పెరుగన్నం కలపడానికే నాలుగు నిమిషాలు తీసుకున్నాడు, గడియారం పెట్టుకొని మరీ చూశాను. ఆ ముద్ద నోట్లోకి పోయేలోగా నేను ఒక ఫోనుకు స్క్రీను విప్పేస్తాను. మర్రిగూడ బస్టాండు పక్కన నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. సాగదీసే మనిషిని చూసినా, సాగదీసే కథను చూసినా నాకు ఒళ్లు మండుతుంది.

మా చెల్లెలు అల్మాస్‌ది నాకు పూర్తిగా ఎదురు మాట.

“నువ్వు ఎగురుడు కోసం చూస్తున్నవు భయ్యా. నేను వంటింటి కోసం చూస్తున్న. అసలు కథ ఆడ్నే నడుస్తాంది.”

ఇంట్లో మేము మాట్లాడేది సగం ఉర్దూ, సగం తెలుగు. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఆమె మాటకు నా మాట కంటే విలువ ఎక్కువని ఒప్పుకోక తప్పదు. శుక్రవారం ఏడింటికి మొదలైన భాగం ఎనిమిదింటికి అయిపోగానే, అల్మాస్ వాట్సాప్ గ్రూపులో తన అభిప్రాయం వాయిస్ మెసేజ్‌గా పెడుతుంది. మా వాడకట్టు ఆడపిల్లలు పదిమందితో మొదలైన గ్రూపు అది. ఇప్పుడు నల్గొండ నుంచి కొల్లాపూర్ దాకా రెండు వందల మంది పైనే. ఐదు నిమిషాలు ఆలస్యమైతే “అక్కా, ఇంకా పెట్టలేదేంది?” అని మొదలుపెడతారు. వాళ్లలో చాలామందికి ఆ గొంతు ఒక నవారు మంచం మీంచి వస్తుందని తెలియదు.

మా బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఫ్లోరైడు అనే మాట మా మండలంలో బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా వచ్చు. అల్మాస్‌కు పదమూడేళ్లప్పుడు మోకాళ్లు బిగిశాయి. తర్వాత నడుము, ఆ తర్వాత మెడ. ఇప్పుడు ఇరవై తొమ్మిది. మెడ ఇటూ అటూ తిరగదు. ఆమెతో మాట్లాడాలంటే మనమే పోయి ఆమె కళ్ల ముందు నిలబడాలి. అందుకే టీవీని సరిగ్గా మంచానికి ఎదురుగా పెట్టించాను.

మిగిలింది చేతులు. ఆరేళ్ల కింద హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. “పోయినవి తిరిగిరావు. బోరు నీళ్లు పూర్తిగా బంద్ చేస్తే ఉన్నవి ఉన్నట్టు ఆగొచ్చు. చేతులు కాపాడుకోండి. తాగడానికి వద్దు, వంటకు వద్దు, చాయ్‌కి కూడా వద్దు. ఎంత కాగబెట్టినా పోయేది కాదది.”

అప్పటి నుంచి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఆశ అల్మాస్ చేతులు. ఆ చేతులతోనే అన్నం తింటుంది, తల దువ్వుకుంటుంది, బొటనవేలితో ఫోను నొక్కిపట్టి రెండు వందల మందికి కథ విడమర్చి చెబుతుంది. అవి కూడా పోతే ఆమెకు ఏమీ ఉండదు. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని ఇప్పుడు చెప్తాను.

కృష్ణ నీళ్లు మా నల్లాల్లోకి వచ్చి చాలా ఏళ్లయింది. తాగడానికి అవే, అన్నానికీ పప్పుకూ అవే. చాయ్ దగ్గర మాత్రం మా అమ్మీ ఇక్బాల్ బీ మొండికేసింది. “బ్లీచింగ్ వాసన! ఇలాచీ ఏసిన పోతలేదు. గిది చాయా, దవాఖాన బకీటా?” అంది. ఆమెకు కావలసింది మసీదు వెనక బోరింగు నీళ్లు. ఆ బోరింగుకు ఎర్రరంగు పూసి, తాగరాదని పెద్ద అక్షరాలతో రాశారు. మా వాడకట్టులో సగం ఇళ్ల చాయ్ ఆ నీళ్లతోనే మరుగుతుంది. ఆ ఎర్రరంగు హెచ్చరిక నీళ్లు తాగేవాళ్లకే గానీ చాయ్ పెట్టుకునేవాళ్లకు కాదని అందరూ కలిసి ఒప్పందం చేసుకున్నట్టే ఉంటుంది. మరిగితే ఏ రోగమైనా చస్తుందని అమ్మీ నమ్మకం.

చావదని నాకు తెలుసు. ఒకసారి గట్టిగానే చెప్పాను. అమ్మీ మారు మాట్లాడకుండా గిన్నె బోర్లించి రెండు రోజులు చాయ్ ముట్టలేదు. మా నాన్న, అబ్బా, పోయాక ఆమెకు ఉన్న సుఖం అదొక్కటే. ఆ మొహం చూడలేక మూడో రోజు అల్మాస్‌కు చెప్పకుండా నేనే ఖాళీ సీసా పట్టుకొని బోరింగు దగ్గరికి పోయాను. గ్లాసెడు చాయ్ కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అల్మాస్ రోజుకు మూడు గ్లాసులు తాగుతుంది. నేను ఆరేళ్లుగా ఆ సీసా నింపుతూనే ఉన్నాను.

ఆరో భాగం అయ్యాక గ్రూపులో పెద్ద లొల్లి జరిగింది. నల్గొండలో లెక్కలు చెప్పే అమరేందర్ సార్ మొదలుపెట్టాడు. “కథలో సరుకు లేదు. ఆరు భాగాలను రెండు చేయవచ్చు. అల్మాస్ గారు ఏమంటారో?” నేను వెంటనే చప్పట్ల బొమ్మ పెట్టాను. అల్మాస్ నవ్వి, ఫోను దగ్గరికి తీసుకుంది.

“సార్, మూడో భాగంల హీరో పాలగ్లాసు ఒక్క చేత్తోని ఎత్తిండు. ఐదో భాగంల రెండు చేతులతోని ఎత్తిండు. మీరు ఎవ్వలన్న చూసిన్రా? వాని ఒంట్లకు ఏందో పోతాంది. బయటికెళ్లి కాదు, ఇంట్లకెళ్లే. దినాం కొంచెం కొంచెం. గసొంటిదాన్ని ఉరికిచ్చి ఎట్ల చూపిస్తరు సార్?”

ఎవరూ నమ్మలేదు. అమరేందర్ సార్ “గ్లాసు బరువుగా ఉందేమో” అని ఎకసెక్కం చేశాడు. నేనూ ఊరుకోలేదు. “గింత నెమ్మదిగ ఎవ్వడన్న విషం పెడ్తడా? వాడు సచ్చేలోపల పెట్టేటోడే ముసలోడైతడు” అన్నాను.

“నా మెడ ఏ రోజు పోయిందో చెప్పు భయ్యా” అంది అల్మాస్.

నేను వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“చెప్పలేవు. ఒక్క రోజుల పోలే గద. దినాం చూసేటోళ్లకు కనపడదు. ఈ సీరియల్ తీసినోళ్లకు గా సంగతి తెలుసు. అందుకే నాకు నచ్చింది.”

నేను షాపుకు పని ఉందని లేచాను.

ఎనిమిదో భాగంలో గుట్టు బయటపడింది. తల్లే. కొడుకు బలం వచ్చి ఇల్లు విడిచి ఎక్కడికో ఎగిరిపోతాడని భయపడి, రాత్రిపూట పాలల్లో ఒక వేరుపొడి కలుపుతోంది. ఆ పొడి పొట్లం వచ్చేది అన్న తెచ్చే కూరగాయల సంచీలో. ఒక వైద్యుడు అన్నను పక్కకు పిలిచి ఏదో చెప్పడం కూడా ఒక్క క్షణం చూపించారు. ఆ సంచీ చూపించినప్పుడల్లా నేను విసుక్కుని ఫోను చూసుకునేవాణ్ణి. ఈ కథ రాసినవాడు ఎక్కడివాడో నాకు తెలియదు. మా ఇంటికైతే ఎప్పుడూ రాలేదు.

గ్రూపు హోరెత్తిపోయింది. “అక్కా, నువ్వు ముందే చెప్పినవు!” “అక్కా, మెసేజ్ పెట్టు!” అమరేందర్ సార్ క్షమాపణ కూడా రాశాడు. తల్లిని తిట్టేవాళ్లకైతే లెక్కే లేదు. రాక్షసి అని ఒకరు, జైల్లో వేయాలని ఒకరు. ఎనిమిదీ పది అయింది, ఇరవై అయింది. అల్మాస్ మెసేజ్ పెట్టలేదు. అమ్మీ లోపలి గదిలో రాత్రి ఇషా నమాజులో ఉంది.

“ఏమైంది? పెట్టవా?” అన్నాను.

“ఇటు రా” అంది. ఆమె కళ్ల ముందుకు పోయి నిలబడ్డాను. ఫోను ఒళ్లో ఉంది. కుడి బొటనవేలు తెర మీద పెట్టి నొక్కింది. వేలు వణికి, పక్కకు జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

“పోయిన నెలకెళ్లి గిట్లనే. మెసేజ్ నడిమిట్లనే తెగుతాంది. రంజాన్‌కెళ్లి గ్లాసు రెండు చేతులతోని పడుతున్న. నువ్వు చూసినవా?”

చూడలేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ గ్లాసు ఆమె చేతికి ఇచ్చేది నేనే.

“తాగే నీళ్లకు బ్లీచింగ్ వాసన ఉంటది. చాయ్‌కు ఎన్నడు లేదు. చాయ్ నీళ్లు ఏడికెళ్లి భయ్యా?”

లోపల అమ్మీ నమాజు చివర సలాం తిప్పుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె ఎదురుగా, ఆ కళ్లకు సూటిగా నిలబడి ఉన్నాను.

“ఎర్ర బోరింగుకెళ్లి” అన్నాను.

“అమ్మీకి తెలుసా, కాగబెట్టిన పోదని?”

“చెప్పిన. నమ్మలే. నాకు డాక్టర్ సాబ్ సాఫ్ సీదా చెప్పిండు.”

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.  నా వెనక టీవీలో ఏదో పల్లీ నూనె ప్రకటన వస్తోంది.

“జర ఫోన్ పట్టుకో. నువ్వు నొక్కు, నేను చెప్త.”

నేను మంచం అంచున కూర్చొని మైకు గుర్తు మీద నా బొటనవేలు పెట్టాను. నొక్కిపట్టినంతసేపూ మాట రికార్డవుతుంది. వేలు తీస్తే వెళ్లిపోతుంది. అమ్మీ నమాజు ముగించి, జానమాజ్ చాప మడిచి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. కూతురు మాట్లాడుతుంటే వినడం ఆమెకు ఎంతో ఇష్టం.

“అందరికి నమస్తే, సలాం” అంది అల్మాస్. గొంతు ఎప్పటిలాగే ఉంది. “తల్లిని తిట్టకుర్రి. కొడుకు ఇంట్ల కండ్ల ముంగట ఉంటె చాలనుకున్నది ఆమె. ఆ పొడి ఒంట్ల ఏం చేస్తదో ఆమెకు తెల్వదు. తెలిసినోడు అన్న. వైద్యుడు వానికి చెప్పిండు. వాడు చెడ్డోడు కాదు, అదే ఇంకా ఘోరం. తమ్మునంటె పానం వానికి. కాని ఇంట్ల లొల్లి ఎందుకులే అనుకున్నడు. వారం వారం సంచీ తెచ్చి పెట్టిండు, పోయిండు. నన్నడిగితే అసలు దోషి వాడే. కథ నెమ్మదిగ పోతాందని చాన మంది అంటున్నరు. నెమ్మదిగ పోలే. మనం చూడలే. గంతే.”

నా వేలు తెర మీదే ఉండిపోయింది. చెమట పట్టి జారుతోంది.

“అయిపోయింది భయ్యా, తియ్యి” అంది.

తీశాను. మెసేజ్ వెళ్లిపోయింది.

“మంచిగ చెప్పినవ్ బిడ్డా” అంది అమ్మీ గడప దగ్గర్నుంచి. “పాపం, ఆ తల్లిని అందరు ఊకె తిడుతున్నరు.”

ఆమె వంటింట్లోకి పోయాక అల్మాస్ నెమ్మదిగా అంది. “అమ్మీకి చెప్పకు. నా చేతులు తన చాయ్‌తోని పోయినయని తెలిస్తే బతకదు. నీళ్లు మాత్రం మార్చు.”

గ్రూపులో జవాబులు వస్తూనే ఉన్నాయి. “సూపర్ అక్కా” అని ఎవరో. “నిజం. ఆ అన్నను నేను గమనించనే లేదు” అని అమరేందర్ సార్.

ఊళ్లో నల్లా నీళ్లు వదిలే బక్కయ్య ఎప్పుడో, నీళ్లు వచ్చిన కొత్తలోనే, షాపు దగ్గర కూర్చొని చెప్పాడు. బిందె మూత తీసి రాత్రంతా వదిలేస్తే బ్లీచింగ్ వాసన దానంతట అదే పోతుందని. ఆ రోజు నేను ఎవరి ఫోనుదో చార్జింగ్ పిన్ను అతికిస్తూ “సరే సరే” అన్నాను. ఆ రాత్రి నల్లా నీళ్లు బిందె నిండా పట్టి, మూత తీసి, పలుచని గుడ్డ కప్పి పెరట్లో పెట్టాను. ఒక మూత తీయడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

తెల్లారి ఆ నీళ్లు సీసాలో పోసుకొని, అమ్మీ చూడకుండా పెరటి దారిన బయటికి పోయి, మసీదు వెనక బోరింగు దాకా నడిచి, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి ముందు వాకిట్లో నుంచి వచ్చాను. సీసా గట్టు మీద పెట్టాను. అమ్మీ చాయ్ పెట్టింది. ముందు తను ఒక గుక్క తాగి, మొహమంతా విప్పారేలా నవ్వింది.

“చూసినవా బేటా? ఎవ్వలెంత చెప్పిన, ఎర్ర బోరింగు నీళ్లు ఎర్ర బోరింగు నీళ్లే. గీ రుచి నల్లా నీళ్లకు ఏడికెళ్లొస్తది?”

అల్మాస్ గ్లాసును రెండు చేతులతో పట్టి ఎత్తింది. అయినా కొంచెం ఒలికి దుపట్టా మీద పడింది.

“అవునమ్మీ” అంది. “మస్తుగుంది.”

నేను మంచం పక్కన నిలబడి ఉన్నాను. ఆమె మెడ నా వైపు తిరగదు. రెండడుగులు వేస్తే నేనే ఆమె కళ్ల ముందుకు వచ్చేవాణ్ణి. వేయలేదు.