చెయ్యి వేసే ముందు

అత్తగారు స్వరాజ్యంగారిని పక్కకి తిప్పి, ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చాకే రత్నమాలకి కాఫీ. పక్షవాతంతో ఆవిడకి కాలూ చెయ్యీ పడిపోయి మాట ఒక్కటే మిగిలినప్పటి నుంచీ ఇదే వరస. అయినా ఎవరడిగినా రఘురామ్ "మా ఆవిడ ఇంట్లో ఖాళీయే" అంటాడు. అలాంటి ఖాళీ పగవాళ్లకి కూడా వద్దు.

ఆ ఖాళీలోంచే వీలు చూసుకుని, పక్కింటి లచ్చమ్మని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి నడిచేది. అక్కడ జావా, టెస్టింగ్ కోర్సుల బోర్డుల మధ్య ఇరుక్కుని ఒక చిన్న బోర్డు: జపాన్‌లో వృద్ధుల సేవ, శిక్షణ, ఉద్యోగం. పాఠం చెప్పే నవోమి జపాన్‌లో ఆ పని చేసి వచ్చిన మనిషి. అంత డబ్బున్న దేశంలో ముసలివాళ్లని చూసే దిక్కు లేదంటే రత్నమాలకి నమ్మబుద్ధి కాలేదు. కడుపులో దాచుకోలేక మొదటి రోజే అడిగేసింది.

"అక్కడ కోడళ్లు లేరా మేడం?"

క్లాసంతా గొల్లుమంది. నవోమి మాత్రం నవ్వలేదు.

"ఉన్నరమ్మా. వాళ్లు ఆఫీసులకు పోతుండ్రు. పిల్లలు తక్కువ, ముసలోళ్లు మస్తు. గందుకే గీ పనికి జీతమిచ్చి పిలుస్తుండ్రు."

ఈ పనికి జీతమా! ఇంటికి నడుస్తున్నంతసేపూ రత్నమాల ఆ మాటనే చప్పరించింది.

మరోనాడు క్లాసులో రోగిగా పడుకున్న అమ్మాయిని అలవాటుగా ఒక్క ఊపున తిప్పేసింది. నవోమి ఆపింది. చెయ్యి వేసే ముందు అడగాలట, వాళ్లు సరే అన్నాకే ముట్టుకోవాలట, అక్కడి పద్ధతి అదట. ఇదేం చోద్యం అనుకుంటూనే, సాయంత్రం అత్తగారి మీద ప్రయోగించింది.

"అత్తయ్యా, తిప్పనా?"

ఆవిడ కోడలి మొహంలోకి చూసింది. "కాస్త ఆగవే" అంది.

ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ ఆగమనలేదు. అడిగిందెవరు గనక? రత్నమాలకి సిగ్గేసింది. ఆ వెనకే, మరి నన్నెవరడిగారు అనిపించి ఒళ్లు మండింది.

ఇంటర్వ్యూలో నెగ్గాననీ, మూడేళ్లు జపాన్ వెళ్లాలనీ రత్నమాల చెప్పిన రోజున రఘురామ్ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"జపానూ లేదు, గిపానూ లేదు. రేపట్నుంచి ఆ క్లాసు మానెయ్. అమ్మని నువ్వే చూసుకుంటావు."

మంచం మీంచి స్వరాజ్యంగారి గొంతు మెల్లగా వచ్చింది.

"దాన్ని అడిగావట్రా?"

రత్నమాల టీవీ కట్టేసి, కళ్లు తుడుచుకుని, మంచం పక్కన చోటిచ్చి నిలబడింది.

"ఇలా రండి, అత్తయ్యని ఎలా తిప్పాలో నేర్పిస్తాను. ముందు ఆవిణ్ణి అడగండి."